వైన్ షాపులో దొరకని వైన్

తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు కనిపించని మండల కేంద్రం ఉండదేమో. ఆ బోర్డు కింద, ఇనుప కటకటాల వెనుక, బ్రాందీ లభిస్తుంది. విస్కీ, రమ్ము, బీరు లభిస్తాయి. వైన్ కావాలని మాత్రం అడిగి చూడండి. చాలా చోట్ల ‘ఆ సరుకు ఉండదండీ’ అన్న సమాధానమే వస్తుంది. ద్రాక్షరసం పులిసి తయారయ్యే పానీయం పేరును, మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో బట్టీ పెట్టి తీసిన స్పిరిట్‌కు తగిలించి, మాటకు అర్థమే మార్చివేశాము. పేరొకటి, సరుకు వేరొకటి కావడం రాజకీయాలలో కొత్త కాదు గనుక దీనిని ఎవరూ పట్టించుకున్నట్లు లేదు.

ఈ శీతాకాలంలో రాజధానిలో ఈ వ్యాసకర్తకు ఏడు రకాల అసలు వైన్లు రుచి చూసే సందర్భం కలిగింది. అంతకుముందు వేసవిలో విప్పిన ఒక చెడిపోయిన సీసాను కూడా లెక్కిస్తే ఎనిమిది. పార్లమెంటు వ్యవహారాలు రాయవలసిన చోట పానీయాల ప్రసంగమేమిటని పాఠకులలో కొందరు కినుక వహించవచ్చును. వారికి నా మనవి ఒక్కటే: ఆ సీసాలలో ఏది ఎవరి నోటికి, ఏ ధరకు అందాలో నిర్ణయించేది కేవలం ద్రాక్షతోట కాదు, వాణిజ్య భవన్‌లో బల్లకు అటూ ఇటూ కూర్చున్న అధికారులు కూడా. 2026 జనవరి 27న భారతదేశానికీ ఐరోపా సమాఖ్యకూ మధ్య స్వేచ్ఛా వాణిజ్య చర్చలు ముగిసినట్లు ఢిల్లీలో ప్రకటించిన నాటి నుంచి ఆ నిర్ణయం ఎటు మొగ్గినదో స్పష్టమయింది. అందుచేత ఈ వారం నాలుక చెప్పిన సాక్ష్యాన్ని కూడా రికార్డులోకి ఎక్కిస్తున్నాను.

మొదటి సీసా ఆ ప్రకటన వెలువడిన కొద్ది రోజులకు చాణక్యపురిలోని ఒక ఐరోపా రాయబార కార్యాలయం ఇచ్చిన విందులోనిది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్. నేరేడుపళ్లు తిన్న పిల్లవాని నాలుక రంగు. మొదటి గుక్కకు నోరంతా పిడచ కట్టుకుపోయింది. పచ్చి వక్క నమిలినట్లు చిగుళ్లు బిగుసుకున్నాయి. పక్కనే మన కోస్తా జిల్లాల ఎం.పి. ఒకరు ఉన్నారు. గ్లాసు వంక అనుమానంగా చూసి, నా చెవిలో, ‘ఇది చెడిపోయినట్లుందండీ, వగరు కొడుతోంది’ అన్నారు. చెడిపోలేదనీ, అదే దాని గుణమనీ నేను చెప్పాను. ‘వగరు కోసం ఇంత ఖర్చెందుకండీ? మా తోటలో పచ్చి అరటికాయ కొరికితే డబ్బులు లేకుండా వస్తుంది’ అని ఆయన గ్లాసు బల్లమీద పెట్టివేశారు.

ఆయన మాటలో హాస్యం ఉన్నా, ఆ పరీక్ష సరైనదే. ఎర్ర వైన్ సంగతి తెలుసుకోవలసింది వగరు దగ్గరే. నల్ల ద్రాక్షను తొక్కతో, గింజతో సహా పులియబెట్టినప్పుడు ఆ తొక్కలోని రంగూ, వగరూ రసంలోకి దిగుతాయి. తెల్ల వైన్‌కు రసాన్ని ముందే పిండి వేరు చేస్తారు; అందుచేత దానిలో వగరు ఉండదు, లేదా పేరుకు ఉంటుంది. ఇంగ్లీషువారు బడిలో నేర్చిన రుచులు నాలుగు: తీపి, పులుపు, ఉప్పు, చేదు. వగరుకు వారు రుచులలో స్థానమివ్వలేదు గనుక వైన్ గురించి రాసేటప్పుడు ‘టానిన్’ అనే రసాయన నామాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. మనకు ఆ అవస్థ లేదు. ఉగాది పచ్చడి తిన్న ప్రతి తెలుగువానికీ వగరు ఆరింట ఒకటి. మామిడి పిందెలో వగరు ఎంత ఉండాలో, ఎంతకు మించితే పచ్చడి చెడుతుందో మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. వైన్‌ను తూకం వేయడానికి కావలసిన తక్కెడ మన వద్ద తరతరాలుగా ఉన్నదన్నమాట. దానిని ఇటువైపు వాడలేదు, అంతే.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న పాపానికి నాకు వైన్ నాలుక కంటె ముందు పుస్తకంలో పరిచయమయింది. కీట్స్‌ను చదువుకునే నాటికి నేను చూసిన ద్రాక్షాసంబంధమైన పానీయం మా అమ్మమ్మ అలమారలోని ద్రాక్షారిష్టం ఒక్కటే. తరువాత ఢిల్లీ వచ్చి వైన్‌పై ఇంగ్లీషు వ్యాసాలు చదివినప్పుడు బ్లాక్‌కరెంట్ అనీ, గూస్‌బెర్రీ అనీ, నేను ఎన్నడూ తినని పళ్ల పేర్లతో రుచి వర్ణిస్తూ ఉండేవారు. తినని పండును పోలిన తాగని పానీయం! ఆ పదజాలాన్ని ఈసారి పక్కన పెట్టి, నాకు తెలిసిన వాసనలతోనే పోల్చుకున్నాను. రాయబారి గారి బోర్డో రెండవ గుక్కకు వగరు తగ్గి, ఎండిన రేగువడియం వాసన వేసింది. అరగంట ఆగాక కొత్త పెన్సిలు చెక్కినప్పటి చెక్క వాసన. గొంతు దిగిన తరువాత కూడా రుచి చాలాసేపు నిలిచింది. మంచి వైన్ అనక తప్పదు. అయితే అది మంచిదని తేల్చుకునే అవకాశం నాకు కలగడానికి కారణం రాయబార కార్యాలయాలకు సుంకం లేకపోవడం. 1961 నాటి వియన్నా ఒప్పందం దౌత్య కార్యాలయాల దిగుమతులకు కస్టమ్స్ మినహాయింపు ఇచ్చింది. అదే సీసా రాయబారి గారి ప్రహరీగోడ దాటి అవతల దుకాణంలో కనిపిస్తే దాని వెల వేరు, దానిపై హక్కుదారులు వేరు.

ఆ హక్కుదారుల సంగతి కొంత వివరించవలసి ఉన్నది. విదేశీ వైన్‌పై భారతదేశం చాలా కాలంగా వసూలు చేస్తూ వచ్చిన దిగుమతి సుంకం 150 శాతం. 2021 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్టులో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ మద్యాలపై దీనిని రెండు ముక్కలు చేశారు: మూల సుంకం 50 శాతం, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 100 శాతం. మొత్తం మారలేదు గనుక తాగేవానికి తేడా తెలియలేదు. తేడా తెలియవలసినది రాష్ట్రాలకు. రాజ్యాంగంలోని 270వ అధికరణం ప్రకారం కేంద్రం వసూలు చేసే పన్నులలో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం దానిని 41 శాతంగా నిర్ణయించింది. సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపకంలోకి రావు. అంటే ఒక విదేశీ వైన్ సీసాపై వసూలయ్యే సుంకంలో మూడింట రెండు వంతులు ఒక్క బడ్జెట్టు ప్రసంగంతో పంపకపు కుండలోంచి తొలగి కేంద్రం గరిటెలో పడింది. రాష్ట్రాల హక్కుల గురించి సభలో గొంతు చించుకునే మన ఎం.పి.లలో ఒక్కరైనా ఆనాడు ఈ సీసా సంగతి ఎత్తారేమోనని నా నోటు పుస్తకాలు తిరగేశాను. ఎత్తినట్లు నేను రాసుకోలేదు. వైన్ మొత్తం ఆదాయంలో సముద్రంలో కాకిరెట్ట కావచ్చును. సూత్రం మాత్రం కాకిరెట్ట కాదు.

ఇక ఒప్పందాలు. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 ఏప్రిల్ 2న సంతకాలు జరిగి అదే ఏడాది డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. సీసా ఒక్కింటికి 5 డాలర్లు దాటిన ఆస్ట్రేలియా వైన్‌పై సుంకాన్ని వెంటనే 100 శాతానికి, పదేళ్లలో 50 శాతానికి. 15 డాలర్లు దాటినదానిపై వెంటనే 75కు, పదేళ్లలో 25 శాతానికి తగ్గించడానికి మనం అంగీకరించాము. ఐరోపాతో కుదిరిన అవగాహన అంతకంటె ముందుకు పోయింది. అమలులోకి రాగానే 75 శాతం. తరువాత దశలవారీగా మేలురకంపై 20, మధ్యరకంపై 30 శాతం. మరీ చవకరకాలకు రాయితీ లేదు. ఉదాహరణకు రేవులో 400 రూపాయలకు దిగిన సీసాపై పాత లెక్కన 600 సుంకం పడి వెయ్యి అయ్యేది. 30 శాతమయితే అది 520. దానిపై రాష్ట్ర ఎక్సైజు, అమ్మకం పన్ను, లేబిలు రిజిస్ట్రేషన్ ఫీజు, వర్తకుల లాభం చేరతాయి గనుక దుకాణంలో ధర అదే మోతాదున తగ్గదు. మద్యాన్ని రాజ్యాంగమే జి.ఎస్.టి. వెలుపల ఉంచింది. అయినా తగ్గుతుంది. దేశీయ వైన్‌లలో చెప్పుకోదగినవి ఢిల్లీ పరిసరాలలో వెయ్యికి అటూ ఇటూ పలుకుతున్నవి. రెండూ ఒకే అరలో ఒకే ధరకు నిలబడిన రోజున కొనేవాని చెయ్యి ఎటు పోతుందన్నదే అసలు ప్రశ్న.

ఇందులో పార్లమెంటరీ వైచిత్రి ఒకటున్నది. ఈ ఒప్పందం చెల్లాలంటే ఐరోపా పార్లమెంటు ఆమోదించాలి. మన పార్లమెంటు ఆమోదం అవసరం లేదు. ఒప్పందాలు చేసుకోవడం మన వద్ద మంత్రివర్గపు అధికారం. సుంకాల కోత కస్టమ్స్ చట్టం కింద ఒక నోటిఫికేషన్‌తో అమలవుతుంది. ఆ నోటిఫికేషన్‌ను తరువాత ఎప్పుడో సభ ముందు ఉంచుతారు. నాసిక్ రైతు ద్రాక్ష భవితవ్యంపై స్ట్రాస్‌బర్గ్‌లో ఓటింగు జరుగుతుంది, ఢిల్లీలో జరగదు.

సరే, దేశీయ వైన్ నిలబడగలదా? దీనికి జవాబు ఫైళ్లలో దొరకదు. కేంద్ర సర్వీసులో పనిచేసి విశ్రమించిన మా మిత్రుడొకాయన గురుగ్రామ్‌లో ఉంటారు. ఆయనకు ఈ పానీయాలపై ఆసక్తి, వాటిపై అనవసరమైన భక్తి లేకపోవడం, రెండూ ఉన్నవి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరు సీసాలను ఇంగ్లీషు పత్రికలలో చుట్టి, అంకెలు వేసి, మా ముందుంచారు. రెండు తెల్లవి, నాలుగు ఎర్రవి. ఎర్రవాటిలో ఒకటి ఆస్ట్రేలియాది, మిగిలినవి మన దేశానివి. పరదేశిని పట్టుకోవాలన్నది పందెం. పక్కన వదినగారు వండిన పెసరట్టు, అల్లం పచ్చడి, చేపల పులుసు, గోంగూర మాంసం. ఫ్రెంచివాడు చూస్తే మూర్ఛపోయే పొత్తు. అయితే మన పళ్లెంలో ఇమడని పానీయం మన దేశంలో ఎంతకాలం అమ్ముడుపోతుంది? పరీక్ష అక్కడే జరగాలి.

మొదటి తెల్లది సూలావారి సొవిన్యాఁ బ్లాఁ. పచ్చి జామకాయను గిల్లిన వాసన, కోసిన పచ్చిమిరప ఘాటు. నాలుకపై నిమ్మ పులుపు. అల్లం పచ్చడితో దీనికి పాత స్నేహం ఉన్నట్లే తోచింది. రెండవది అదే సంస్థవారి షెనిన్ బ్లాఁ. కొద్దిగా తీపి ఉన్నది. తొలిసారి నోట పెట్టుకున్నప్పుడు ‘పానకం’ అని తేలికగా తీసివేశాము. చేపల పులుసు తిని మళ్లీ తాగితే దాని విలువ తెలిసింది. కారాన్ని చల్లార్చేది పులుపూ కాదు, వగరూ కాదు, కాస్తంత తీపి. సారం ఎక్కువై వగరు గట్టిగా ఉన్న ఎర్ర వైన్ అదే కారం మీద పడితే నిప్పు మీద నెయ్యి పోసినట్లే.

ఈ సూలా కథ పాఠకులలో చాలామందికి విదితమే. రాజీవ్ సామంత్ అనే యువ ఇంజనీరు అమెరికా ఉద్యోగం వదిలి, 1990లలో నాసిక్‌లో తమ కుటుంబపు భూమిలో తీగలు నాటాడు. శతాబ్దం మారేవేళకు సీసాలు బయటికి వచ్చినవి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించి ఎక్సైజు రాయితీలు ఇచ్చింది. ఐరోపాలో తీగలు చలికాలం నిద్రపోయి శరత్కాలంలో కోతకు వస్తే, మన దక్కనులో ఏప్రిల్లో ఒకసారి, వానలు వెనుకబట్టాక మరొకసారి కత్తిరించి, జనవరి నుంచి మార్చిలోగా కోస్తారు. పగలు ఎండ, రాత్రి చలి ఉన్న ఆ రెండు మూడు నెలలే మన వైన్‌కు ఆయువుపట్టు. ఎండ పెరిగి కోత ఆలస్యమయితే పులుపు దిగజారి, తీపి పెరిగి, సారం మితిమీరుతుంది.

ఎర్రవాటిలో మొదటిది నందికొండల దగ్గర గ్రోవర్ కుటుంబం నెలకొల్పిన తోటలోని లా రిజర్వ్. కన్వల్ గ్రోవర్ పట్టుదల మీద 1992లో తొలి వైన్ విడుదలయిన తోట అది. బోర్డో నిపుణుడు మిషెల్ రోలాఁ సలహాలు తీసుకున్నారు. మెత్తగా ఉన్నది. ఓకు చెక్క పీపాలో నిలవ చేసిన గుర్తుగా పాయసంలో యాలకుల వంటి పరిమళం. మర్యాదస్తుడైన మంత్రి సమాధానం వలె ఎక్కడా గుచ్చుకోదు. మరీ గుచ్చుకోకపోవడమే నాకు కాస్త వెలితి. రెండవది ఫ్రాతెల్లీవారి సెత్తె. ఇటాలియన్‌లో ఆ మాటలకు ‘సోదరులు’, ‘ఏడు’ అని అర్థం. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని ఈ తోటకు మూలపురుషులు ఇటలీ సోదరులు, ఢిల్లీ సోదరులు, అక్లూజ్‌కు చెందిన మోహితే పాటిల్ సోదరులు. ఆ చివరి ఇంటిపేరు మహారాష్ట్ర చక్కెర రాజకీయాలు ఎరిగినవారికి కొత్త కాదు. ఇటలీ జాతి సాన్‌జొవేసె ద్రాక్షలోని పులుపు దీనికి బలం. గోంగూర పులుపు ముందు తక్కిన ఎర్రవి నీరుగారిపోతే ఇది ఒక్కటే నిలిచింది. ఎండు చింతపండు తొక్క, కాస్త తోలు సంచీ వాసన. భోజనంతో ఆ పూట నాకు అన్నింటికంటె నచ్చినది ఇదే.

మూడవదాని విషయంలో మేమందరం దెబ్బతిన్నాము. విప్పగానే ముడుచుకున్నది, పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని వానివలె ఏ వాసనా ఇవ్వలేదు. గంట ఆగాము. అప్పుడు నేరేడు, నల్లద్రాక్ష తొక్క, వాటి వెనుక సన్నగా పొగాకు వాసన. సిగరెట్ పొగ కాదు; ప్రకాశం జిల్లాలో బ్యారన్లు కాలే దినాలలో రోడ్డు మీద పోతుంటే వచ్చే తీయని ఆకు వాసన. వగరు గట్టిది, అయినా రాయబారి గారి బోర్డో వగరు వలె సన్ననిది. పరదేశి ఇదేనని నలుగురం ఏకగ్రీవంగా తీర్మానించాము. చెంచాడు మాత్రం రుచి చూసిన వదినగారు ఒప్పుకోలేదు. ‘మీ పరదేశి ఆ నాలుగోదండీ. జామ్ సీసా మూత తీసినట్లుంది’ అన్నారు. పత్రికలు విప్పితే నాలుగవది ఆస్ట్రేలియా షిరాజ్. ఆమె మాటే నిజం. పండు రుచి పొంగిపొరలి, దానిమీద మిరియపు గాటు, మరొకటేమీ లేదు. మేము పరదేశి అని సన్మానించినది కృష్మావారి కెబర్నె సొవిన్యాఁ. అతిథి ఒకరు బెంగళూరు నుంచి తెచ్చినది.

కృష్మా తోట కర్ణాటకలో హంపీ కొండల వద్ద, కొప్పళ జిల్లాలో ఉన్నది. స్థాపించినవారు హైదరాబాదు దంపతులు. గ్రాన్యూల్స్ ఔషధ సంస్థను నెలకొల్పిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన శ్రీమతి ఉమ. ఏడు ఖండాలలోనూ మారథాన్ పరుగులు తీసిన దంపతులుగా వీరిని కొందరు ఎరుగుదురు. ఇద్దరి పేర్ల అక్షరాలు కలిపి తోటకు పేరు పెట్టుకున్నారు. తెలుగువారు తీసిన వైన్ ఫ్రెంచి వైన్ పక్కన తలవంచుకోనవసరం లేదని ఆ పూట నా నాలుక తీర్పు. అయితే ఆ తీగలు నాటడానికి వారు కర్ణాటకకు పోవలసి వచ్చింది.

సీసాలలో మిగిలిన దానిని ఢిల్లీ తెచ్చుకుందామన్న ఆలోచన వచ్చింది గాని విరమించాను. మెట్రోలో మనిషికి రెండు సీలు సీసాలు తీసుకుపోవచ్చునని 2023 జూన్‌లో అనుమతించారు. మెట్రో ఒప్పుకున్నంత మాత్రాన ఎక్సైజ్ చట్టం ఒప్పుకున్నట్లు కాదు. సీలు విప్పినదాని మాట చెప్పనే అక్కరలేదు. ఒకే నగరంగా బతుకుతున్న ఈ రాజధాని ప్రాంతంలో ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ మూడు పన్నులు, మూడు చట్టాలు.

చెడిపోయిన సీసా సంగతి ఇక్కడే చెప్పాలి. గత జూన్‌లో దక్షిణ ఢిల్లీలోని ఒక దుకాణంలో కొన్నాను. దుకాణం పేరూ, సీసా పేరూ అనవసరం. తప్పు తోటవాడిది కాదు. బయట 44 డిగ్రీలు. దుకాణంలో ఒక పంకా తిరుగుతున్నది. సీసాలు కిటికీ వద్ద ఎండలో నిటారుగా నిలబడి ఉన్నవి. ఇంటికి తెచ్చి విప్పితే ఎండుద్రాక్ష ఉడకబెట్టిన నీళ్లు, అడుగున వెనిగర్. విస్కీకి ఈ బాధ లేదు. ఏ ఎండలోనైనా పడి ఉంటుంది. వైన్ పాలవంటి సరుకు, చల్లని చీకటి కావాలి. ఢిల్లీ ప్రభుత్వం 2021 నవంబరులో దుకాణాలన్నీ ప్రైవేటు పరం చేసినప్పుడు, ఏ.సి. గదులు, నడిచి చూసి కొనుక్కునే సౌకర్యం వస్తాయని చెప్పారు. వచ్చినవి ఒకటి కొంటే ఒకటి ఉచితమనే బోర్డులు, బారులు తీరిన జనం, ఆ తరువాత దర్యాప్తులు. 2022 సెప్టెంబరు నాటికి విధానం రద్దయి వ్యాపారం తిరిగి నాలుగు ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చింది. ఆ వ్యవహారంలో తెలుగు పేర్లు ఎన్ని వినిపించినవో పాఠకులకు నేను గుర్తు చేయనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక నష్టాన్ని 2,002 కోట్లకు పైగా అంచనా వేసింది. ఇంత రభసలోనూ ఒక సీసాను చల్లగా ఉంచే సంగతి ఎవరి ఎజెండాలోనూ లేదు.

తెలుగు నేలకు ద్రాక్ష కొత్తదా? 1660లలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో అక్కడి ద్రాక్ష జనవరి నుంచి పక్వానికి వస్తుందనీ, దానితో తెల్ల వైన్ చేస్తారనీ రాశాడు. నాసిక్‌లో నేడు కోత మొదలయ్యే నెలే అది! విజయనగరం అంగళ్లలో ద్రాక్ష అమ్మకాన్ని దోమింగో పాయెస్ అంతకు నూరేళ్లకు పైగా ముందే చూశాడు. కృష్మా తోట ఉన్న కొప్పళ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఇక మన తరానికి హైదరాబాదు అంటే అనాబ్-ఇ-షాహి. నగరం చుట్టూ పందిళ్లు, గుత్తులు గుత్తులుగా వేలాడే కాయ. అది తినే ద్రాక్ష. వైన్‌కు పనికి వచ్చే చిన్న గింజ, మందపు తొక్క ద్రాక్ష వేరు. అయినా తీగను పెంచే చేయి, కత్తిరించే కన్ను ఇక్కడ ఉండేవి. బోర్లు ఎండినవి, భూమి గజాల లెక్కన అమ్ముడయింది, పందిళ్ల స్థానంలో వెంచర్లు లేచినవి. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్‌కు ప్రత్యేక విధానాలు చేసుకుంటూ ఉండగా మన పాలకులు దానిని ఎక్సైజు ఆదాయం కోణంలో తప్ప వ్యవసాయపు కోణంలో చూసిన దాఖలా కనిపించదు.

దీనికొక బలమైన కారణం ఉన్నది, దానిని దాటవేయడం న్యాయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా పాటలను ఆపివేసిన నాడు నేను యువకుణ్ణి. ఆ ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరి 16న రామారావు గారి సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో నిషేధం ఎత్తివేశారు. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారినా, దుకాణాలు ప్రైవేటు నుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వం నుంచి ప్రైవేటుకు మారినా, మద్యం అంటే ఇటు ఓటు, అటు ఖజానా. మధ్యలో మూడవ మాట లేదు. దూబగుంట స్త్రీల ముందు నిలబడి వైన్ గొప్పదనం చెప్పే ధైర్యం నాకు లేదు, ఉండనక్కరలేదు కూడా. పేదవాని కూలి డబ్బులు లాక్కునేది కెబర్నె సొవిన్యాఁ కాదని మాత్రం అందరికీ తెలుసు. నిషేధాన్ని ఆదేశసూత్రాలలో చేర్చే ప్రతిపాదన 1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చినప్పుడు ఆదివాసీల పక్షాన జైపాల్ సింగ్ లేచి, వారి బియ్యపు సారం వరినాట్ల శ్రమతోనూ, దేవతార్చనతోనూ ముడిపడినదని వాదించారు. సభ వినలేదు; అది 47వ అధికరణమయింది. అన్ని పానీయాలూ ఒకటి కావన్న ఆయన మాట మాత్రం పాతబడలేదు. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం పెద్ద దుకాణాలలో వైన్ అమ్మకానికి అనుమతించబోయి, అన్నా హజారే వంటివారి ప్రతిఘటనతో అమలు చేయలేకపోయింది. ద్రాక్ష పండించే రాష్ట్రంలోనే పరిస్థితి ఇది.

నా చింత వైన్ తాగేవారిని గురించి కాదు; వారికి చవకగా మంచి ఫ్రెంచి సరుకు వస్తుంది, సంతోషం. పెద్ద సంస్థలు తామే దిగుమతి చేసి అమ్ముకోగలవు. నలిగేది కృష్మా వంటి చిన్న తోటలు, వైన్ ద్రాక్షను కాంట్రాక్టుపై పండించే నాసిక్, బీజాపూర్ రైతులు. ఐరోపా రైతుకు సమాఖ్య బడ్జెట్టు నుంచి సబ్సిడీలు అందుతాయి. ఇక్కడి తోటవాడు తన వైన్‌ను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పంపాలంటేనే ప్రతి చోటా మళ్లీ లేబిలు రిజిస్ట్రేషను, మళ్లీ ఫీజు, మళ్లీ సుంకం. స్ట్రాస్‌బర్గ్ సీసాకు ఢిల్లీ తలుపు తెరిచే ముందు హంపీ సీసాకు హైదరాబాదు తలుపు తెరిస్తే పోటీ కొంతైనా సమానమవుతుంది.

ఇదే సంగతి మా అరటికాయ ఎం.పి. గారితో అన్నాను. ఆయన వ్యవసాయదారుడు గనుక రెండు నిమిషాలలో గ్రహించి, ప్రశ్న ఒకటి రాసి ఇమ్మన్నారు. సభా సంప్రదాయం ప్రకారం రాసి ఇచ్చాను: ఐరోపా వైన్లపై సుంకం తగ్గింపు వల్ల దేశంలోని ద్రాక్ష రైతులపై పడే ప్రభావాన్ని ప్రభుత్వం అధ్యయనం చేసినదా, చేసినచో వివరాలు, చేయనిచో కారణాలు, 2021 నుంచి మద్యాల దిగుమతిపై సెస్సు రూపంలో వసూలయిన మొత్తమెంత, అందులో ద్రాక్ష రైతులకు చేరినదెంత. నోటీసుకు పదిహేను రోజుల గడువు కావాలి. ఆపైన బ్యాలెట్‌లో పేరు రావాలి; రోజుకు మౌఖిక సమాధానానికి తీసుకునేవి ఇరవై ప్రశ్నలే. గత వారం ఎం.పి. గారు ఫోన్ చేశారు. ‘పెట్టానండీ’ అన్నారు. ‘మా రైల్వే వంతెన ప్రశ్నకు మొదటి ప్రాధాన్యం ఇచ్చి, మీదాన్ని రెండోది చేశాను. ఏమీ అనుకోకండి.’